అత్త కొనిచ్చిన 1,450 యూరోల బ్యాగు అమ్ముకోవచ్చా? (మిలాన్)

పేకనూలు, శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్తే. కొంచెం పెద్దదే రాస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నానికల్లా తేల్చుకోవాలి. ఇక్కడ అడగడానికి నాకు పెద్దవాళ్ళెవరూ లేరు.

మాది ఉప్పాడ. అమ్మా నాన్నా ఇద్దరూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూర్చుని జాందానీ నేస్తారు. నేను ఇక్కడ మాస్టర్స్ రెండో ఏడాదిలో ఉన్నాను. ఇన్‌కమ్ సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగి, కాగితాలన్నీ ఇటాలియన్‌లోకి మార్పించి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే డీఎస్‌యూ స్కాలర్‌షిప్‌కి పెట్టుకుంటే వచ్చింది. ఫీజు లేదు. డబ్బు మాత్రం విడతల్లో వస్తుంది. వచ్చేముందు వీసాకి, టికెట్‌కి, గది అడ్వాన్సుకి నాన్న మా ఊళ్ళోనే ఒకాయన దగ్గర 4 లక్షలు తెచ్చాడు. రెండు రూపాయల వడ్డీ. నెలకి 8,000 వడ్డీకే పోతాయి, అసలు ఎక్కడిదక్కడే ఉంది. ఇరవై ఐదు రోజులు ఇద్దరూ కూర్చుంటే ఒక చీర నేసి కోస్తారు. దానికి మాస్టర్ వీవర్, అంటే పని ఇచ్చి నేయించుకునే ఆసామి, ఇచ్చే కూలి ఇద్దరికీ కలిపి 16,000. అందులో సగం వడ్డీ.

నేను ఇక్కడ ఎలా ఉంటానో కూడా చెప్పాలి. మిలాన్ పక్కనే సెస్తో సాన్ జొవాన్నిలో నలుగురం అమ్మాయిలం, గదికి ఇద్దరం. నా మంచానికి నెలకి 370 యూరోలు. మెట్రో పాసు 27 ఏళ్ళలోపు వాళ్ళకి 22. వారానికి మూడు రాత్రులు ఒక రెస్టారెంట్‌లో గిన్నెలు కడుగుతాను, నెలకి 400 దాకా వస్తాయి. ఇండియన్ షాపులో కందిపప్పు ఖరీదని సూపర్‌మార్కెట్‌లో దొరికే ఎర్ర మసూరు పప్పుతోనే పప్పుచారు పెట్టుకుంటాం. కూరగాయలకి శనివారం సాయంత్రం పాపినియానో సంతకి, వాళ్ళు సర్దుకునే వేళకి వెళ్తాను. "తుత్తో ఉన్ ఎవ్రో" అని అరుస్తుంటారు, అంటే ఏదైనా ఒక్క యూరోనే. మెత్తబడిన టమాటాలు ఒక పెట్టె తెచ్చుకుంటే ఆదివారం నలుగురం కూర్చుని పచ్చడి చేసి సీసాల్లో పెట్టుకుంటాం. నీళ్ళు కొనను. ఈ ఊళ్ళో వీధుల్లో ఆకుపచ్చ కుళాయిలు ఉంటాయి, డ్రాగన్ నోట్లోంచి రాత్రీ పగలూ నీళ్ళు పడుతూనే ఉంటాయి. సీసా అక్కడే నింపుకుంటాను. ఇదంతా కష్టాలు చెప్పుకోవడానికి రాయడం లేదు. నేను బాగానే ఉన్నాను, కడుపునిండానే తింటున్నాను. లెక్క మీకు తెలియాలని రాశాను.

అత్త అంటే నాన్నకి సొంత చెల్లెలు. హైదరాబాద్‌లో ఉంటారు, మామయ్య అపార్ట్‌మెంట్లు కడతారు. నా ఇంటర్ రెండేళ్ళూ కాకినాడలో హాస్టల్ ఫీజు అత్తే కట్టింది. నాన్న ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేదు. అందుకే ఈసారి అప్పు సంగతి అత్తకి తెలియకూడదని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. "చెల్లెలికి పెట్టాల్సినవాణ్ణి, దాని దగ్గర ఎన్నిసార్లు తీసుకోమంటావు" అన్నాడు.

అత్తా మామయ్యా యూరప్ టూర్ చివర్లో మిలాన్‌లో ఆగారు. బుధవారం నన్ను తీసుకుని మోంటెనపోలియోనే వీధికి వెళ్ళారు. 2024లో కుష్‌మన్ అండ్ వేక్‌ఫీల్డ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ వాళ్ళు వేసిన లెక్కలో ప్రపంచంలోకెల్లా షాపు అద్దెలు ఎక్కువున్న వీధి అదే, చదరపు మీటరుకి ఏడాదికి 20,000 యూరోలు. ఆ రాత్రి పడుకుని లెక్క వేశాను. నా మంచం పట్టే చోటు ఒకటిన్నర చదరపు మీటర్లు. ఆ వీధిలో అయితే దానికి ఏడాదికి 30,000. నేను కట్టేది 4,440.

షాపు గుమ్మంలో సూటు వేసుకున్నాయన తలుపు తీసి పట్టుకున్నాడు. నా బూట్లు వానకి తడిసి ఉన్నాయి, లోపల కార్పెట్ మీద అడుగు వేయడానికి జంకాను. ఎవరూ ఏమీ అనలేదు, గాజు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చిచ్చారు. సేల్స్‌లో ఉన్న అమ్మాయి ఒక పట్టు స్కార్ఫు చేతికిస్తే నాకు తెలియకుండానే వెనక్కి తిప్పి చూశాను. ఇంట్లో అలవాటు. జాందానీ అయితే ముందూ వెనకా ఒకేలా ఉండాలి, ఒక్క పోగు తేలినా నాన్న విప్పి మళ్ళీ నేస్తాడు. ఇది ప్రింటు వేసిన బట్ట, వెనక రంగు కొంచెం పలచగా ఉంది. అంచు మాత్రం చేత్తో చుట్టి కుట్టారు. కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం ఎక్కడా తేడా లేదు, ఎవరో చాలా ఓపికగా కుట్టారు. ఆ అమ్మాయి నన్ను గమనించి "మీరు బట్టల పనిలో ఉన్నారా?" అని అడిగింది. మా నాన్న నేస్తారు అన్నాను. అత్త వెంటనే "మై బ్రదర్" అంది, చాలా గర్వంగా. ఆ నిమిషంలో అత్త మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను. ఇది రాయకపోతే మీరు అత్తని తప్పుగా అర్థం చేసుకుంటారు.

అరగంటలో మూడు బ్యాగులు కొన్నారు. ఒకటి తనకి, ఒకటి మామయ్య చెల్లెలికి. మూడోది నా భుజానికి తగిలించి అద్దం ముందు నిలబెట్టింది. 1,450 యూరోలు. "రేపు నువ్వు ఇంటర్వ్యూలకి వెళ్ళినప్పుడు చేతిలో ఇలాంటిది ఒకటి ఉండాలే" అంది. మూడుసార్లు వద్దన్నాను. మామయ్య అప్పటికే కార్డు ఇచ్చేశారు.

ఆ బ్యాగు ఇప్పుడు మంచం కింద సూట్‌కేసులో ఉంది, పక్కన బియ్యం సంచి. పెద్ద అట్టపెట్టె, లోపల గుడ్డసంచి, దానికి రిబ్బను. నేను ఎప్పుడూ సూట్‌కేసుకి తాళం వేయలేదు, రెండు రాత్రులుగా వేస్తున్నాను. నా రూమ్మేట్ అది చూసింది. ఏమీ అనలేదు, కానీ చూసింది.

ఇంకో సంగతి. మూడు బ్యాగులూ అత్త పాస్‌పోర్టు మీద, కట్టిన పన్ను వెనక్కి వచ్చే టాక్స్ ఫ్రీ ఫారం ఒక్కదాంట్లోనే రాయించారు. ఆదివారం సాయంత్రం మల్పెన్సా నుంచి దుబాయ్ మీదుగా ఫ్లైటు. "నువ్వూ ఎయిర్‌పోర్టుకి పట్టుకురా, కస్టమ్స్‌లో చూపించాక నీకు ఇచ్చేస్తాను" అంది అత్త. అందరూ అలాగే చేస్తారని మామయ్యకి ఎవరో చెప్పారట. నాకు భయంగా ఉంది.

అమ్మితే అసలులో కొంతైనా తీరుతుంది. బ్యాగు వద్దు, డబ్బివ్వమని అత్తని అడిగితే ఎందుకు అంటుంది, అప్పు బయటపడుతుంది, నాన్న తల దించుకోవాలి. చెప్పకుండా అమ్మితే నన్ను అద్దం ముందు నిలబెట్టి మురిసిపోయిన మనిషిని మోసం చేసినట్టు అవుతుంది. ఎవరైనా ఇలాంటి గిఫ్టు అమ్మారా? ఎంత వస్తుంది? ఎయిర్‌పోర్టులో ఏం చేయాలి?

లాంబ్రాతే బాబాయ్, శనివారం ఉదయం 6:45

అమ్మా, ముందు ఎయిర్‌పోర్టు సంగతి. ఆ పని చేయకు, మీ అత్తయ్య చేత చేయించకు.

టాక్స్ ఫ్రీ అనేది యూరోపియన్ యూనియన్ బయట ఉండేవాళ్ళు కొని, సామాను బయటికి పట్టుకెళ్తేనే వర్తిస్తుంది. ఇటలీలో 2024 ఫిబ్రవరి నుంచి 70 యూరోలు దాటితే చాలు, ఇస్తున్నారు. అంతకుముందు 154.94 దాటాలి. నీకు పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే పర్మిట్, ఉంది, నువ్వు ఇక్కడ ఉంటున్నదానివి. నీ దగ్గర ఉండిపోయే వస్తువుకి ఆ మినహాయింపు లేదు. కస్టమ్స్‌లో చూపించి మళ్ళీ వెనక్కి తీసుకోవడం అంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పడమే. పట్టుబడితే మీ అత్తయ్యకి ఫ్లైటు ముందు ఆ గొడవ, నీకు పెర్మెస్సో రెన్యువల్ ముందు టెన్షన్. అదీ ఎంత కోసం? 22 శాతం పన్ను అంటే 1,450లో పన్ను వాటా 261 యూరోలు. రీఫండ్ కంపెనీ కమిషన్ పోగా చేతికి వచ్చేది దానికంటే బాగా తక్కువ.

రెండు దారులు ఉన్నాయి. బ్యాగు నీ దగ్గరే ఉండాలంటే ఈ రోజే ముగ్గురూ షాపుకి వెళ్ళి, ఆ ఫారం రద్దు చేసి మిగతా రెండు బ్యాగులకే కొత్తది రాయమనండి. షాపువాళ్ళకి ఇది కొత్తేమీ కాదు. ఊళ్ళో రీఫండ్ కౌంటర్‌లో ముందే డబ్బు తీసుకుని ఉంటే ఆ మాట కూడా చెప్పండి. ఫారానికి కస్టమ్స్ ఆమోదం పడకపోతే ఆ డబ్బు మళ్ళీ కార్డు నుంచి లాగేస్తారు. రెండో దారి, బ్యాగుని మీ అత్తయ్యే నిజంగా ఇండియాకి పట్టుకెళ్ళడం. దుబాయ్ ఫ్లైటు కాబట్టి అంతా మల్పెన్సాలోనే అయిపోతుంది. చెక్-ఇన్‌లో సామాను వేసేయకముందే వెళ్ళాలి, సరుకు చూపించమంటే చూపించాలి.

షాపుకే వాపసు ఇచ్చి డబ్బు తెచ్చుకుందామని కూడా అనుకుంటావేమో. ఆన్‌లైన్‌లో కొంటే 14 రోజుల్లో వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. షాపుకి వెళ్ళి కళ్ళతో చూసి కొన్నదానికి, సరుకులో లోపం ఉంటే తప్ప, చట్టంలో ఆ హక్కు లేదు. షాపువాళ్ళ ఇష్టం. మామూలుగా మార్చుకోమంటారు, లేదంటే బూనో రాసిస్తారు. దాంతో మళ్ళీ అక్కడే కొనాలి.

నేను 2013లో వచ్చాను. మొదటి రెండేళ్ళు వాన పడితే గాలెరియా అనే పాత షాపుల బజారులోంచే నడిచేవాణ్ణి, పైన అద్దాల కప్పు ఉంటుంది కదా. 1913లో ప్రాడా అన్నదమ్ములు మొదటి షాపు పెట్టింది అందులోనే. ఆ అద్దం దగ్గర రోజూ ఆగి, ధర చదివి, రూపాయల్లోకి మార్చుకునేవాణ్ణి. తర్వాత అదే అలవాటు కూరగాయల దగ్గరికీ వచ్చింది. వంకాయలు రూపాయల్లో లెక్కేసి కొనకుండా వచ్చేసేవాణ్ణి, ఆరు నెలల్లో ఏడు కిలోలు తగ్గాను. పాపినియానో సంతకి వెళ్తున్నానన్నావు చూడు, అది చదివి నాకు ధైర్యం వచ్చింది. తిండి దగ్గర మాత్రం తగ్గకు తల్లీ.

గోదారి గట్టు, శనివారం ఉదయం 8:10

అమ్మెయ్ అక్కా. ఇచ్చాక అది నీది. ఎవరికీ చెప్పకు, అప్పు తీర్చు. రెండు రూపాయల వడ్డీ మా ఇంట్లో కూడా చూశాను, అది ఇంటిని తినేస్తుంది.

తోరినో అక్క, శనివారం ఉదయం 9:30

చెల్లీ, నేను అమ్మాను. అందుకే రాస్తున్నాను.

2022లో మా వదిన అమెరికా నుంచి వస్తూ నాకొక బ్యాగు తెచ్చింది, 890 యూరోల సరుకు. నేనప్పుడు నీలాగే చదువుకుంటున్నాను. ఒక్కసారి కూడా వాడలేదు. పాత లగ్జరీ సామాను అమ్మిపెట్టే వెబ్‌సైటులో పెట్టాను. పెట్టె, గుడ్డసంచి, అసలు సరుకేనని చెప్పే కార్డు, బిల్లు అన్నీ ఉన్నాయా అని అడుగుతారు, ఏది లేకపోయినా ధర కోస్తారు. నేరుగా మనుషులకే అమ్ముకునే యాప్‌లో పెడితే కమిషన్ తక్కువ, కానీ "నకిలీ కాదని ఏంటి నమ్మకం" అని రాత్రి పన్నెండింటికి మెసేజ్‌లు. రెండు నెలలు పట్టింది. నా చేతికి వచ్చింది 410. హెర్మెస్ లాంటి ఒకటి రెండు పేర్లు తప్పిస్తే చాలావరకు ఇంతే, షాపు గుమ్మం దాటగానే విలువ పడిపోతుంది. దీన్ని బంగారం అనుకోకు. అమ్మ గాజులైతే అవసరానికి కుదువ పెట్టుకోవచ్చు, మన ఊళ్ళో ఏ తాకట్టు కొట్టులోనూ బ్యాగు పెట్టుకుని డబ్బివ్వరు. నీ 1,450లో సగం వచ్చినా అదృష్టమే అనుకో.

నువ్వు నేతపని ఇంటి పిల్లవి కాబట్టి ఇంకో మాట. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్‌కి బ్యాగులు చేయించే ఇటలీ సంస్థ ఒకదాన్ని ఏడాదిపాటు కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. కింద కాంట్రాక్టు తీసుకున్న వర్క్‌షాపుల్లో కార్మికులని దోచుకుంటుంటే పైవాళ్ళు పట్టించుకోలేదని. 2025లో గడువు కంటే ముందే ఎత్తేశారు. ఆ కాగితాల్లో ఉన్న లెక్క నేను చదివాను. ఒక బ్యాగు కూర్చినందుకు వర్క్‌షాపుకి ఇచ్చింది 53 యూరోలు, షాపులో దాని ధర దాదాపు 2,600. ఆ 53లో తోలు ఖర్చు కలపలేదు, అది వేరే. అయినా సరే. మీ నాన్నగారి 16,000 చదివినప్పుడు నాకు ఆ 53 గుర్తొచ్చింది. మీ చీర హైదరాబాద్ షోరూములో ఎంతకి అమ్ముతారో నీకు తెలుసా?

ఇక అసలు చెప్పాలనుకున్నది. 410 యూరోలు రెండు నెలల్లో ఖర్చైపోయాయి. రెండేళ్ళ తర్వాత వదిన ఇటలీ చూడటానికి వచ్చి, మా ఇంట్లో కూర్చుని, "ఏదే ఆ బ్యాగు?" అంది. నోటికొచ్చింది చెప్పేశాను, రూములో ఎవరో తీసేశారని. వదిన నా రూమ్మేట్ వైపు చూసింది. ఆ అమ్మాయి వరంగల్ పిల్ల, నాకు జ్వరం వస్తే మూడు రాత్రులు కూర్చున్న పిల్ల. తను పక్క గదిలోకి వెళ్ళిపోయింది. తర్వాత నెలలోనే ఇల్లు మారింది. నేను నిజం చెప్పి క్షమాపణ అడిగాను, పర్లేదు అంది, కానీ మళ్ళీ ముందులా లేదు. అమ్మడం తప్పని నేననను. దాచాల్సి వచ్చేలా అమ్మకు. నీ రూమ్మేట్ తాళం వైపు చూసిందన్నావు కదా, ఆ అమ్మాయితో ఈ రోజే మాట్లాడు.

పేకనూలు, శనివారం ఉదయం 10:05

అక్కా, తెలుసు. అలాంటి చీరే బంజారాహిల్స్‌లో ఒక షోరూము అద్దంలో చూశాను, 48,000 అని చీటీ ఉంది. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.

రూమ్మేట్‌కి ఇప్పుడే పెట్టె తీసి చూపించాను. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. తాళం తీసేశాను.

కూకట్‌పల్లి పెద్దమ్మ, శనివారం ఉదయం 10:40

బంగారుతల్లీ, నేను కొనిచ్చే వైపు మనిషిని, ఆ వైపు నుంచి చెప్తాను.

మా అక్క కొడుకు కెనడా వెళ్తుంటే 80,000 పెట్టి వాచీ కొనిచ్చాను. వాడు దాన్ని అక్కడ మొదటి నెలలోనే అమ్మి అద్దె కట్టాడు. ఏడాది తర్వాత ఇంకెవరి ద్వారానో తెలిసింది. ఆ రోజు నేను బాగా ఏడ్చాను. వాచీ పోయినందుకు కాదమ్మా. వాడి చేతిలో అద్దెకి డబ్బు లేని నెలలో నేను వాడికి టైము చూసుకునే వస్తువు కొనిచ్చాను. షోరూములో గంటన్నర కూర్చుని నాలుగు వాచీలు తీయించి చూశాను. నీకేం కావాలిరా అని ఒక్కసారి కూడా వాణ్ణి అడగలేదు. పెట్టేవాళ్ళకి పెట్టడంలో ఒక సంతోషం ఉంటుంది, ఆ సంతోషంలో ఎదుటివాడి ముఖం చూడం. మీ అత్త కూడా అంతే అయ్యుంటుంది. తను చెడ్డది కాదని నువ్వే రాశావు.

నాన్న వేయించుకున్న ఒట్టు నాన్న అప్పు గురించి. అది ఆయన మాట, నువ్వు దాన్ని నిలబెట్టు. కానీ నీ అద్దె, నీ తిండి నీవి. నాకు ఈ బ్యాగు కంటే రెండు నెలల అద్దె అక్కరకొస్తుంది అత్తా అని నువ్వు చెప్పుకోవచ్చు. అందులో ఒట్టు తప్పింది ఏమీ లేదు. బ్యాగు ఆవిడే పట్టుకెళ్తే ఆ బాబాయ్‌గారు చెప్పిన ఎయిర్‌పోర్టు గొడవా ఉండదు.

పేకనూలు, శనివారం ఉదయం 10:55

పెద్దమ్మా, అద్దెకని తీసుకుని అప్పుకి పంపితే అదీ అబద్ధమే కదా?

కూకట్‌పల్లి పెద్దమ్మ, శనివారం ఉదయం 11:00

అద్దెకని తీసుకున్నది అద్దెకే కట్టు. గిన్నెలు కడిగి తెచ్చుకుంటున్న జీతం నీ కష్టార్జితం, అది ఎవరికి పంపుతావో నీ ఇష్టం.

పేకనూలు, గురువారం రాత్రి 10:30

ఇన్ని రోజులు రాయలేకపోయాను, క్షమించండి. ఏమైందో చెప్తాను.

శనివారం సాయంత్రం అత్త హోటల్‌కి వెళ్ళి, "నాతో సంతకి రా" అన్నాను. మామయ్య నిద్రపోతున్నారు. ఇద్దరమే మెట్రోలో వెళ్ళాం. చీకటి పడబోతోంది, సగం బళ్ళు సర్దేశారు, కింద అంతా క్యాబేజీ ఆకులు, చితికిన నారింజలు. నేను ఎప్పుడూ కొనే ముసలాయన టమాటా పెట్టె ముందుకు తోశాడు. అత్త వంగి ఒక్కొక్కటీ నొక్కి చూస్తూ మంచివి పక్కన పెట్టడం మొదలుపెట్టింది, రైతుబజారులో ఏరినట్టు. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అత్తా, ఏరకూడదు, పెట్టె మొత్తం తీసుకోవాలి, ఒక యూరోనే" అన్నాను. అత్త చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ళకి టమాటా రసం అంటుకుంది, ఉంగరాల సందుల్లో గింజలు. నేను సీసాలో నీళ్ళు పోస్తే కడుక్కుంది. కాసేపు ఏమీ అనలేదు.

పెట్టె ఇద్దరం చెరోవైపు పట్టుకుని మెట్రో దాకా వచ్చాం. బల్ల మీద కూర్చున్నాక చెప్పాను. అత్తా, ఆ బ్యాగు చాలా బాగుంది, నువ్వు కొనివ్వడం నాకు చాలా సంతోషం, కానీ అది ఆ ఫారం మీద ఇక్కడ ఉండటానికి వీల్లేదు, నాకు దాన్ని పెట్టుకునే చోటూ లేదు, నాకు ఏప్రిల్, మే అద్దె ఉంటే చాలు. మొత్తం ఒకే ఊపిరిలో చెప్పేశాను. అత్త "ఎంతే?" అంది. 740 అన్నాను. ఆ మాటకి ఏడ్చింది. "బుధవారం ఎందుకు చెప్పలేదే" అంది. చెప్పనిచ్చావా అని అడగాలనిపించింది, అడగలేదు.

అప్పు గురించి అడుగుతుందేమోనని భయపడ్డాను. అడిగింది, "అన్నయ్య ఇబ్బందుల్లో ఉన్నాడా?" అని. "నాన్ననే అడుగు అత్తా" అన్నాను. అంతకంటే ఏమీ చెప్పలేదు. అది కూడా చెప్పేసినట్టే అయిందేమో నాకు తెలియదు. దాని గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఆదివారం మల్పెన్సాలో మూడు బ్యాగులూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. కస్టమ్స్ ఆవిడ నిజంగానే పెట్టెలు తీసి చూపించమంది. మూడూ చూసింది. బాబాయ్‌గారూ, ఆ నిమిషంలో మిమ్మల్ని తలుచుకున్నాను. మామయ్య హైదరాబాద్‌లో దిగాక అన్నీ డిక్లేర్ చేస్తానన్నారు. నా బ్యాగు అత్త కూతురికి ఇస్తారట, తనకి నచ్చే రంగే. అత్త నాకు 800 ఇచ్చింది. 740 చాలంటే, మిగతా 60కి కందిపప్పు కొనుక్కోమంది. సోమవారం ఐదు కిలోలు తెచ్చాను. మా నలుగురికీ ఆ రోజు ముద్దపప్పు, ఆవకాయ.

నాన్నకి నేనే చెప్పాను, ఆదివారం రాత్రే. అత్త దగ్గర అద్దె తీసుకున్నానని, అప్పు మాట నా నోటి నుంచి రాలేదని, ఈ నెల జీతం 400 యూరోలు పంపుతున్నానని, అది వడ్డీకి కాదు అసలులో కట్టమని. ఫోన్ పెట్టేశాడు. సోమవారం, మంగళవారం ఎత్తలేదు. అమ్మ ఎత్తి, "మగ్గం దిగట్లేదే, అన్నం కూడా అక్కడికే పట్టుకెళ్ళాను" అంది. అత్త అప్పటికే ఫోన్ చేసి మాట్లాడిందట. ఏం మాట్లాడుకున్నారో అమ్మకి కూడా చెప్పలేదు.

నిన్న రాత్రి పనిలో ఉండగా వీడియో కాల్ వచ్చింది, చేతులు తుడుచుకుని ఎత్తాను. మగ్గం గుంటలోంచే చేశాడు, పక్కన అమ్మ కండెలు సర్దుతోంది. డబ్బు మాట ఎత్తలేదు, అత్త మాట ఎత్తలేదు. నా చేతులు ఎర్రగా ఉన్నాయేంటని అడిగాడు, వేడినీళ్ళు అని చెప్పాను. కాసేపు చూసి, "ఈ నెల మెట్రో పాసు కట్టావా?" అన్నాడు.

కట్టాను నాన్నా అన్నాను.